పొగలో ఉన్న మామ

ఈరోజు ధర్మపురి బస్టాండు దగ్గర పాత పుస్తకాల బండి మీద యుద్ధాల బొమ్మల పుస్తకం కనబడింది. ఒరే మా వీధి కోతిమూకా, గుర్తుందా? పట్టాళంలో సిపాయిగా చేసి తిరిగొచ్చిన మా మామ ఇంట్లో అలాంటిదే ఉండేది. ఇంగ్లీషు మనకెవరికీ రాదు, టాంకులు చూసి నోరు తెరిచేవాళ్లం. యుద్ధం సంగతులు మామ అత్తకు కూడా చెప్పేవాడు కాదు.

ఒకరోజు నేనే గిల్లాను. "ఇంతమంది సిపాయిలుండారే, నువ్వు యాడ మామా? వంటింట్లో ఎర్రగడ్డలు కోస్తా ఉంటివా?"

మామ కోపగించుకోలేదు. తను వెళ్లిన యుద్ధం పేజీ తీసి, అందులో కమ్ముకున్న నల్లటి పొగ మీద వేలు పెట్టాడు.

"దీని లోపల ఉంటిని రా."

పొయ్యి దగ్గర నుంచి అత్త లేచి వచ్చింది. పుస్తకం మీదికి వంగి ఆ పొగను మెల్లగా ఊదింది. అది విడిపోతుందేమోనని మనమంతా ఊపిరి బిగబట్టి చూశాం.