పెదనాన్న చెప్పే పెద్దరోడ్డు

మా పెదనాన్నను దారి అడిగినవాళ్లు చివరికి గమ్యం చేరేవారు కానీ, అప్పటికి వచ్చిన పనేమిటో మరచిపోయేవారు. పెద్దరోడ్డు చరిత్ర చెప్పకుండా ఆయన ఎవరికీ దారి చెప్పలేరు.

స్టేషన్ నుంచి కోర్టు దాకా గీత గీసినట్టు సాగే రోడ్డది. ఒకప్పుడు అక్కడ కాలువ ఉండేదట. దాన్ని పూడ్చి, ట్రాము పట్టాలు వేసి, పక్కన చెట్లు నాటారట. తరవాత పట్టాలూ పోయాయి, చెట్లూ పోయాయి, నడుమ ఇనుపకంచె వచ్చింది. డ్రాయింగు మాస్టారుగా రిటైరైన పెదనాన్న రోజూ బస్టాపులో మొదలుపెట్టి, ఈ కథంతా గాలిలో వేలితో బొమ్మలు గీస్తూ చెప్పేవారు.

ఒకసారి ఎవరో పోస్టాఫీసు ఎక్కడని అడిగాడు. అది అతని వెనకాలే ఉంది.

"చెప్తాను రండి. అసలు మనం నిలబడ్డది కాలువలో," అన్నారు పెదనాన్న.

అతను ఉలిక్కిపడి కాళ్లవంక చూసుకున్నాడు. కాలువ పూడి, ట్రాములు నడిచి, కంచె లేచేసరికి పోస్టాఫీసు మూసేశారు.

అక్క అత్తమామలను స్టేషన్ నుంచి తీసుకురావడానికి ఈయన్నే పంపడం మా నాన్న చేసిన పొరపాటు. పెద్దమ్మ వండినవన్నీ చల్లారి, మళ్లీ వేడెక్కి, మళ్లీ చల్లారాక వచ్చారు. అక్క మామగారు కుర్చీలో కూలబడి, కాలువ ఎందుకు పూడ్చారో మాత్రం తెలియలేదని నీరసంగా అన్నారు. ఆ ఒక్క మాట చాలు, పెదనాన్న కుర్చీ దగ్గరకు లాక్కున్నారు. పెద్దమ్మ మూడోసారి పొయ్యి వెలిగించింది.

ఆమధ్య ఆయన జ్వరంతో మంచమెక్కారు. ఆ రోజుల్లోనే నా కళ్లజోడు విరిగితే కంచెకు అవతలి పక్కనున్న కళ్లజోళ్ల కొట్టుకు వెళ్లాను. బస్టాపు ఇటువైపుకు మార్చినప్పటినుంచి అటు కొట్లకు బేరాలు పడిపోయాయి. కంచె మీది కాలివంతెన ఎక్కి దిగే ఓపిక ఎవరికుంది?

కళ్లజోళ్లావిడ ముందుగా పెదనాన్నకు ఒంట్లో ఎలా ఉందని అడిగింది. "ఆయన రాకపోయేసరికి మా పక్క మనిషి అలికిడే లేదండీ," అంది.

అప్పుడు తెలిసింది. దారి అడిగినవాళ్లందరినీ ఆయన వంతెన దాటించి అటువైపుకు తీసుకెళ్లేవారట. ట్రాముల కథ ఆమె కొట్టు ముందు, చెట్ల కథ గొడుగులు బాగుచేసే తాత ముందు, కంచె కథ దర్జీ గుమ్మంలో. అలా నిలబడ్డవాళ్లకు ఊడిన గుండీ, విరిగిన గొడుగు గుర్తొచ్చేవి. కొట్టు ఎత్తేద్దామనుకున్న తాత ఆ బేరాలతోనే నిలదొక్కుకున్నాడట.

ఇంటికొచ్చి నిలదీస్తే పెదనాన్న సిగ్గుపడి దుప్పటి గడ్డం దాకా లాక్కున్నారు.

"నాకేమో కబుర్లు ఆగవు, వాళ్లకేమో బేరాలు తగలవు. రెండూ కలిపానంతే," అన్నారు. ఆ వెంటనే, "రేపు నా బదులు నువ్వెళ్లు," అన్నారు.

"నాకు ఆ చరిత్రంతా రాదుగా, పెదనాన్నా."

"మరీ మంచిదిరా. గుర్తు తెచ్చుకుంటూ ఇంకా ఎక్కువసేపు నిలబెడతావు."