సరస్వతి పూజనాడు నేను తెరిచిన బొమ్మల పుస్తకం

పద్దెనిమిదేళ్లుగా ఒక పుస్తకాన్ని మోస్తున్నాను. పసుపు గుడ్డలో చుట్టి బీరువాలో చీరల అడుగున పెట్టాను. పెళ్లయి తిరువళ్లూరు వచ్చినప్పుడు సారె సామానుతో పాటు అదీ వచ్చింది. ఇల్లు మారిన ప్రతిసారీ ముందు దాన్నే సర్దాను, ఎవరైనా విప్పి చూస్తే నా సంగతి బయటపడుతుందని. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఈ అవస్థ ఎందుకు?

నన్ను చూస్తే మీరు నమ్మరు. మందుల షాపులో పని నాది. చీటీలో రాసిన మందు లేదని ఇంకోటి అంటగట్టమంటే ఓనరుతోనే పోట్లాడతాను. దానికి నోరెక్కువ అని మా అత్త వీధంతా చెప్పుకుంటుంది. ఆ నోరు ఒక్క మనిషి ముందు మాత్రం పడిపోతుంది. మా అన్న ముందు.

అప్పుడు మేం ఇదే తమిళనాడులో, కడంబత్తూరులో ఉండేవాళ్లం; ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. నాకు పదకొండు, అన్నకు పదిహేడు. అన్న బొమ్మలు బాగా వేసేవాడు. పోటీలో గెలిచాడని డ్రాయింగు మాస్టారు ఒక లావుపాటి పుస్తకం ఇచ్చారు. ఏళ్ల తరబడి నెలనెలా వచ్చిన తమిళ బొమ్మల కథలన్నీ చేర్చి కుట్టిన సంపుటం. అందులో ముసుగు వేసుకున్న వీరుడు ఉంటాడు. కూలిపోయే వంతెనను భుజంతో ఆపుతాడు. అతనెవరో సొంత చెల్లెలికి కూడా తెలియదు.

అన్న రోజూ సాయంత్రం ఒక్క అధ్యాయం చదివి వినిపించేవాడు. తమిళాన్ని అప్పటికప్పుడు తెలుగు చేసి, దొంగకు మా మామ గొంతు, పోలీసుకు మా హెడ్‌మాస్టరు గొంతు పెట్టి చదువుతుంటే నేను నేల మీద పడి దొర్లేదాన్ని. రాబోయే పేజీలు తిప్పి చూడకూడదని మా ఇద్దరికీ అన్న పెట్టిన కట్టడి. ఆఖరి అధ్యాయం మిగిలింది. వీరుడు ముసుగు మీద చెయ్యి వేశాడు. తీస్తాడా, తీయడా? అక్కడ ఆపాడు మహానుభావుడు. తెల్లారితే సరస్వతి పూజ.

మా వైపు ఆ రోజు ఇంట్లో పుస్తకాలన్నీ దేవుడి ముందు పేర్చి, గంధం, కుంకుమ పెడతారు. నాయన ఫ్యాక్టరీ పనిముట్లు కూడా ఆ పక్కనే. మర్నాడు పొద్దున మళ్లీ హారతి ఇచ్చేదాకా ఎవరూ పుస్తకం తెరవకూడదు, ఒక్క అక్షరం చదవకూడదు. అన్న తన సంపుటాన్ని అన్నిటికన్నా పైన పెట్టాడు.

మధ్యాహ్నం పొంగలి తిని అందరూ కునుకు తీశారు. నేను పుస్తకం లాగాను. ఒక్క రాత్రి ఓపిక పట్టలేకపోయానా? పట్టలేకపోయాను. పది నిమిషాల్లో చదివేసి, ఎక్కడిది అక్కడే పెట్టి, జారిన చామంతిపువ్వు కూడా మళ్లీ పెట్టాను. అట్ట మీద చెరిగిన కుంకుమను మాత్రం ఏం చేయాలో తెలియలేదు.

సాయంత్రం దీపం పెట్టబోయి అవ్వ చూసింది. ఎవురు తాకినార్రా అని అరిచింది. అన్న ముఖం పాలిపోయింది. పొద్దున గంధం పెడుతూ ఒక్క పేజీ తిప్పి చూశానని తనే చెప్పేశాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుండాది అని అవ్వ తిట్టింది. అసలు దొంగ భుజాలు కదలనే లేదు. అన్న నన్ను పెరట్లోకి పిలిచాడు.

“పాపా, నువ్వేమన్నా తాకినావా?”

“లేదన్నా.”

“నిజంగా?”

“మురుగన్ మీద ఒట్టు.”

“అట్లయితే నేనే,” అన్నాడు.

అంతే. ఇంకో మాట అడగలేదు. తను చేసింది ఒక్క పేజీ తిప్పడమేనని తెలిసి కూడా, నా మాట నమ్మి, తనను తానే నమ్మడం మానేశాడు.

పదిహేను రోజులకు ఫ్యాక్టరీలో ప్రెస్సు మిషను కింద పడి నాయన కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. ఆసుపత్రి వరండాలో అవ్వ తల కొట్టుకుంటూ, “పూజనాడు పుస్తకం తెరిస్తే ఊరికే పోతాదా?” అంది. అన్న విన్నాడు. నేనూ విన్నాను. అప్పుడైనా చెప్పొచ్చు కదా? నోరు తెరిచాను కూడా. దాహమేస్తోంది అన్నాను.

ఏటా ఆడికృత్తిక పండుగకు తిరుత్తణి కొండెక్కి మురుగన్‌కు తలనీలాలు ఇస్తానని అన్న మొక్కుకున్నాడు. చెన్నైలో బొమ్మల కాలేజీకి నింపిన ఫారం పంపనే లేదు. పన్నెండో తరగతి కాగానే నాయన చేసిన ఫ్యాక్టరీలోనే చేరాడు. పెన్సిలు మళ్లీ పట్టలేదు. పూజలో పెట్టిన పుస్తకాన్ని పారేయకూడదు కదా, పసుపు గుడ్డలో చుట్టి నా చేతికిచ్చి, “నా కంటబడకుండా దాచు పాపా,” అన్నాడు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు.

అన్న ఒక్కసారి విప్పి ఉంటే తెలిసిపోయేది. ఆఖరి పేజీ అంచున కుంకుమ బొటనవేలి ముద్ర ఉంది. అన్న వేలిలో సగం కూడా లేని ముద్ర.

చేతులు పడకుండా మిషనుకు ఉండాల్సిన అడ్డుకంచె తీసేసి నడిపించేవారని నాయనే తర్వాత చెప్పాడు. పుస్తకానికీ వేళ్లకూ సంబంధం లేదని చదువుకున్నదాన్ని, నాకు తెలియదా? తెలుసు. కానీ చూడండి, సంబంధం ఉంటే ఆ పాపం నాది. లేకపోతే అన్న పద్దెనిమిదేళ్లు ఎందుకోసం తలనీలాలు ఇచ్చినట్టు? ఆ కాలేజీ ఎందుకు పోయినట్టు? ఎటు తిరిగినా దారి లేదు. ఇప్పుడు చెబితే మొక్కు తీర్చుకున్నానన్న ఆ కాస్త తృప్తి కూడా ఆయన చేతిలోంచి లాక్కున్నట్టే. ఇది అన్న మీద ప్రేమా, నా పిరికితనమా? ఎంత తరచి చూసుకున్నా రెండూ ఒకే గొంతుతో పలుకుతున్నాయి.

ఈ ఏడూ వెళ్లాం. కావళ్లు మోసే భక్తుల ‘అరోహర’ కేకల మధ్య మెట్లెక్కాం. గుండు చేయించుకుని వచ్చి కూర్చుంటే ఎప్పట్లాగే నేనే తలకు గంధం పూశాను. ఈసారి రాలిన వెంట్రుకల్లో తెల్లవీ కనిపించాయి. అన్న కళ్లు మూసుకుని, ఇన్నేళ్లలో మొదటిసారి ఆ మాట ఎత్తాడు.

“పాపా, ఆ కతలో వాడు ఆకర్న ముసుగు తీసినాడంటావా?”

“నాకేం తెల్సన్నా,” అన్నాను. మళ్లీ అబద్ధం. ఆనాడు ఒట్టు పెట్టిన ఆ మురుగన్ కొండ మీదే, ఆయన ఎదుటే. ఛీ, ఇదీ ఒక నోరేనా?

ఇంటికొచ్చి పసుపు గుడ్డ విప్పాను. మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా రెండు రోజులు చదివాను. దొంగ మాట్లాడినప్పుడల్లా మా మామ గొంతే వినిపించింది, నవ్వు రాలేదు. ఆఖరి పేజీలో వీరుడు ముసుగు తీస్తాడు. ఎదురుగా ఎవరూ ఉండరు. ఆ బొమ్మ అంచునే నా చిన్న వేలి ముద్ర, ఇప్పుడు గోధుమరంగుకు తిరిగింది. దాని మీద నా వేలు పెట్టి చూశాను. ముద్ర మొత్తం కింద దాగిపోయింది.

అన్నకు ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. తమిళంలో ‘అన్నా’ అని ఒక్క మాట రాసి కొట్టేశాను. అప్పుడు ఎవరో తెలియని మీకు తెలుగులో ఇది మొదలుపెట్టాను. ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం గానీ, అవ్వ కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది నా ఒక్కదానికే. అన్నకు తమిళం తప్ప చదవడం రాదు. ఈ కాగితం ఆయన చేతిలో పడినా అర్థం కాదు. అందుకే ఇంతదూరం రాయగలిగాను. అంత పిరికిదాన్ని నేను.

అయినా రాశాను. గుండెలో ఏదో కొంచెం సడలింది. ఈ కాగితం మడిచి ఆ ఆఖరి పేజీలో పెట్టి గుడ్డ కట్టేస్తాను.

అన్నా, పుస్తకం తెరిచింది నేను. వాడు ముసుగు తీసినాడన్నా.