పడవలో ముందు చోటు

తిరుపతిలో పడవలు చేస్తున్నామని చెబితే జనం మొదట నవ్వుతారు, తర్వాత తెప్పోత్సవానికా అని అడుగుతారు. మా ఆయన, మా బావ చేసేవి ఆ తెప్పలు కావు. డింగీలంటారు వాటిని. ఇద్దరు పట్టే చిన్న తెరచాప పడవలు, పందేలకు పనికొచ్చేవి. మా ఆయనకు కాలేజీ వర్క్‌షాపులో ఉద్యోగం. ఆయన అన్నకు, అంటే మా బావకు, ప్లైవుడ్ అంగడి ఉంది. ఆదివారమైతే చాలు, ఇద్దరూ రేణిగుంట రోడ్డులోని రేకుల షెడ్డుకు చేరేవారు. ప్లైవుడ్ పలకలు కోసి, రాగి తీగతో ఒకదానికొకటి కుట్టి, అతుకుల మీద జిగురు పట్టించి ఫైబర్‌గ్లాస్ బట్ట అతికించేవారు. చెన్నైలో ఈ సరదా ఉన్నవాళ్లున్నారు, మొదటి పడవ పందెంలో బాగా పోతే ఆర్డర్లు వస్తాయని వాళ్ల ఆశ.

తెరచాప కుట్టే పని నా మీద పడింది. ఇంట్లో కుట్టుమిషను ఉంది, నేను బడిలో లెక్కలు చెబుతాను, ఇంకేం కావాలి? ఆ బట్ట కాగితంలా గరగరలాడుతుంది, చేతికి లొంగదు. హాల్లో సోఫా గోడకు జరిపి, నేలంతా పరిచి, దాని మీద మోకాళ్లతో పాకుతూ గీతలు గీశాను. తెరచాప చదునుగా ఉంటే గాలి పట్టదు. ముక్కల అంచులు కొంచెం వంపుగా కత్తిరించి కలిపితేనే దానికి పొట్ట వస్తుంది. జాకెట్టు కుట్టడం వచ్చిన ఏ ఆడదానికైనా ఈ సంగతి తెలుసు. మొత్తానికి సూదులు విరిగాయి, నడుము విరిగింది, తెరచాప తయారైంది.

బదులుగా నేనొక్కటే అడిగాను, పడవలో ముందు చోటు. వెనక కూర్చున్నవారు చుక్కాని పట్టుకుంటారు. ముందు కూర్చున్నవారు చిన్న తెరచాప తాడు లాగుతూ, పడవ ఒరిగినప్పుడు పాదాలు పడవ అడుగున కట్టిన పట్టీ కింద దూర్చి, ఒళ్లంతా బయటికి వాల్చి దాన్ని నిలబెడతారు. బావది భారీ శరీరం, ఆయన ఎక్కితే పడవ కదలదు.

"నువ్వయితే సరిగ్గా సరిపోతావమ్మా. పందెం నాడు ముందర నువ్వే" అన్నారు బావ. నేను బతిమాలితే అన్న మాట కాదు, ఆయన నోటితో ఆయనే అన్నది.

తెరచాప కొయ్యను నిలబెట్టడానికి పడవ అడుగున ఒక చెక్క పీట బిగించాలి. ఆ రోజు బావ ఇంటినుంచి పొట్లం కట్టుకొని నవధాన్యాలు, పసుపు, కుంకుమ తెచ్చారు. పీట కింద గుంట తొలిచి అవన్నీ పోశారు.

"నీళ్లలో తిరిగేదానికి గింజలెందుకు బావా? తడి తగిలితే ఉబ్బుతాయి" అన్నాను.

"ఇంటికి గడప పెట్టేటప్పుడు ఎయ్యమా? ఇదీ అంతే. జిగురుతో మూసేస్తాం గదమ్మా, సుక్క నీళ్లు యాడ పోతాయి?"

రాత్రి నానేసిన సెనగలు పొద్దునకు గిన్నె మూత ఎత్తేయడం ఆయన ఎన్నడూ చూసి ఉండరు. వంటింట్లోకి వస్తే కదా! మా ఆయన వైపు చూశాను. ఆయన జిగురు కలుపుతూ తల ఎత్తలేదు. అన్న ముందు ఆయనకు నోరు పెగలదు.

పుత్తూరు దగ్గర వానలకు నిండిన ఒక చెరువులో అభ్యాసం మొదలుపెట్టాం. చుడీదారు మీద లైఫ్ జాకెట్ వేసుకుని నేను ముందు, మా ఆయన వెనక. మొదటి రోజే పడవ తిరగబడింది. ఆయన నీళ్లు మింగి దగ్గుతుంటే, నేను పడవ అడుగు మీదికెక్కి, బరువంతా వేసి దాన్ని నిలబెట్టాను. తర్వాత్తర్వాత గాలి ఎటునుంచి వస్తుందో చెంపలకే తెలిసిపోయేది. ఒళ్లు బయటికి వాల్చినప్పుడు తల వెనక నీళ్లు పరుగెత్తుతుంటే, దిద్దాల్సిన పేపర్లు, ఇంటి పని, ఏవీ గుర్తుండేవి కావు. నలభై దాటాక అంత సంతోషం దొరుకుతుందని నేననుకోలేదు. చిన్నపిల్లలా ఆదివారం కోసం ఎదురుచూసేదాన్ని.

పీట దగ్గర కిర్రుమని చప్పుడు వస్తోందని ఆ రోజుల్లోనే చెప్పాను. కొత్త చెక్క అంతేలే అన్నారు మా ఆయన.

పందెం పులికాట్ నీళ్లలో. చెన్నై వాళ్లు నాలుగైదు పడవలు తెస్తున్నారు. మేము పడవను ట్రాలీ మీద కట్టుకుని తెల్లారే బయల్దేరాం. బావ కూతురికి ఆ మధ్యే చిత్తూరు సంబంధం చేశారు. ఆ కొత్తల్లుడు కూడా చూస్తానని వచ్చాడు. నాయుడుపేటలో టిఫినుకు ఆగాం. ఇడ్లీ తింటూ తింటూ అతను, "నేనెక్కుతా మామా ఈ పొద్దు. ఈత బాగా వచ్చు నాకు. ఫోటోలు బాగొస్తాయి" అన్నాడు.

బావ నా వైపు చూసి, వెంటనే సాంబారు గిన్నె వైపు చూశారు. చేతులు కడుక్కునే చోట నన్ను పక్కకు పిలిచారు.

"ఏమీ అనుకోవద్దమ్మా. కొత్తల్లుడు నోరు తెరిసి అడిగినాడు. కాదంటే మా పాప ఆడ ఎట్ల తలెత్తుకుంటాది?"

"నేను ఇన్నాళ్లు నేర్చుకుంది ఎందుకు బావా?"

"నువ్వు ఇంటి మనిషివి. నీకేముండాది, వచ్చేసారి ఎక్కుదువులే."

ఇంటి మనిషి అంటే అడగకుండానే పక్కకు జరపగలిగే మనిషి అని ఆ రోజు అర్థమైంది. మా ఆయన ట్రాలీ దగ్గర, బిగించి ఉన్న తాడునే మళ్లీ బిగిస్తున్నారు. "ఈ ఒక్కసారికి సర్దుకో మే" అన్నారు. ఒడ్డు చేరాక నా లైఫ్ జాకెట్ విప్పి అల్లుడికిచ్చాను. అతనికి అది బిగుతైతే, పట్టీలు వదులు చేసింది కూడా నేనే.

పందెం మొదట్లో మా పడవే ముందుంది. నేను కుట్టిన తెరచాప నిండుగా పొంగి లాగుతుంటే గర్వమూ ఏడుపూ కలిసి వచ్చాయి. అల్లుడికి ఒళ్లు వాల్చడం రాదు, ఒడ్డున బావ పట్టుకున్న ఫోనుకేసి చెయ్యి ఊపడం వచ్చు. గాలి పెరిగింది. ఉన్నట్టుండి పీట ఊడి, కొయ్య మొదలంటా పక్కకు కూలింది. తెరచాప నీళ్లలో పరుచుకుంది. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు హాయిగా అనిపించింది. అల్లుడి కేక వినబడ్డాక గానీ నేను పరుగెత్తలేదు.

అతని మణికట్టు మీద కొయ్య పడి ఎముక విరిగింది. అటునుంచటే పుత్తూరు కట్టుకు తీసుకుపోయారు. దారంతా బావ ఒకటే మాట. "తెరసాప పెద్దదై పోయినాది. అంత గాలి పడితే ఏ కొయ్యయినా ఆగతాదా?" వియ్యంకుడికి ఫోనులో కూడా అదే చెప్పారు. కుట్టింది ఎవరో మాత్రం మర్చిపోకుండా చెప్పారు.

మరుసటి ఆదివారం షెడ్డులో పీట ఊడిన చోటు విప్పి చూశాం. గింజలు నాని, ఉబ్బి, అతుకును అడ్డంగా చీల్చేశాయి. పెసలకు మొలకలు కూడా వచ్చాయి. పాచిన వాసన. బావ కాసేపు చూసి, "మొలకొచ్చిందంటే మంచిదేనప్పా, శుభం" అన్నారు. తర్వాత కొత్త పీట కింద మళ్లీ నవధాన్యాలు పోశారు, ఈసారి ప్లాస్టిక్ కవరులో. తెరచాపను మాత్రం చిన్నది చేయమన్నారు. చేశాను.

ఆ వచ్చేసారి ముందు చోటు మా ఆయన కాలేజీ మిత్రుడికి పోయింది. అల్లుడి చెయ్యి ఇంకా కట్టులోనే ఉండగా నన్ను ఎక్కిస్తే వాళ్లవైపు బాధపడతారట. ఆ పందెం బాగా సాగి, చెన్నై నుంచి ఒకాయన పడవ కావాలని మా ఇంటికి వచ్చాడు. హాల్లో తెరచాప పరుచుకుని నేను కుడుతున్నాను. "మేడమ్ కూడా పడవ నడుపుతారా?" అని అడిగాడు.

"లేదండీ. తనకు నీళ్లంటే భయం" అన్నారు మా ఆయన.

తడుముకోకుండా అన్నారు. వచ్చినతను వెళ్లాక మా ఆయనను నిలదీశాను.

"ఏం జెప్పేది మరి? అన్న సంగతి, అల్లుడి సంగతి అంతా పూసగుచ్చల్లా? ఊరికే ఒక మాటన్నా, వదిలెయ్ మే."

ఆయన వదిలేశారు. మాట మాత్రం వదల్లేదు. బావ ఇంట్లో అన్నారు, షెడ్డుకు వచ్చేవాళ్లు అన్నారు. మొదట్లో కాదని చెప్పేదాన్ని. అప్పుడు అందరూ నవ్వేవారు. తర్వాత చెప్పడం మానేశాను.

నేను పుత్తూరు చెరువులో నేర్చుకున్న రోజుల్లో మా అమ్మాయి నెల్లూరు హాస్టల్లో ఉండి ఇంటర్ చదివేది. ఇప్పుడు తిరుపతిలోనే ఇంజనీరింగు. ముందు చోటు దానిదే. మొన్న కొత్త పడవ నీళ్లలోకి దించుతుంటే నేనూ వెళ్లాను. చెప్పులు విప్పి, మోకాలి లోతు దాకా దిగి, పడవ అంచు పట్టుకున్నాను. ఒక్క చుట్టు నేను పోతానని చెప్పబోయాను.

అది గబగబా వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. "ఒడ్డుకు పోమ్మా, నీకు నీళ్లంటే భయం గదా" అంటూ, జారకుండా మెల్లగా నడిపించి నన్ను గట్టు మీద కూర్చోబెట్టింది.