తెర వెనక నుంచి చూసిన దయ్యం

మొన్న మనవరాలు టీవీలో దయ్యం సినిమా చూస్తూ, మీ కాలంలో ఇలాంటివి ఉండేవా అని తేలిగ్గా అడిగింది. డేరా సినిమాలో ఆడవాళ్లను తెర వెనక కూర్చోబెట్టిన రోజులు ఎరిగినవాళ్లం కొద్దిమందిమే మిగిలాం కనుక, ఇది రాసిపెట్టక తప్పదనిపించింది.

నైజాం ఏలుబడి చివరి ఏళ్లలో మా ఇబ్రహీంపట్నం వచ్చిన ఒక ఉర్దూ సినిమా బొమ్మలో కొత్త కోడలు అత్తింట అడుగుపెడుతుంది, ఆ ఇంటి బావిలో పడి చచ్చిన మొదటి భార్య ఆమె వెంట తిరుగుతుంది. బడి చదువు అంతంతమాత్రమైనా గ్రంథాలయంలో అల్మారాలన్నీ చదివేసిన గర్వంతో నేను దాని గుణదోషాలు ఎంచాను. దయ్యాన్ని చూపకుండా బావి గిలక చప్పుడుతోనే వణికించడం దాని బలం, గాలిలో తేలే దీపానికి కట్టిన దారం కనబడిపోవడం లోపం. దారం చూశాక కూడా ఆ రాత్రి బావి వైపు కిటికీ మూసే పడుకున్నాను.

ఆడవాళ్లతో తెర వెనక కూర్చుని ఆ బొమ్మ చూసిన మా చెల్లె మర్నాటి నుంచి అన్నం ముట్టలేదు, బావి దగ్గరికి పోలేదు. నాలుగు రోజుల్లో తుర్కయాంజాల్ నుంచి అత్తగారి బండి రావాలి, మొదటిసారి కాపురానికి పోవాలి, పోనంటుంది. అది ఆమె చూసిన మొదటి బొమ్మ. చివరికి మా మేనత్త, ఏం చూసి భయపడ్డావని అడిగితే, ఆమె ఒడిలో తలపెట్టి చెప్పింది.

"ఆ ఇంట్ల ఒక్కతి గూడ బతికిలేదు అత్తా. అందరికీ పైట కుడిదిక్కే ఉన్నది."

మా ఇళ్లలో చనిపోయిన ఆడమనిషికే పైట కుడి భుజం మీదికి తిప్పుతారు. తెర వెనక నుంచి చూస్తే బొమ్మ కుడిఎడమలు మారుతుందని ఆమెకు తెలియదు, ముందు కూర్చున్న నాకు ఆమె చెప్పేదాకా తోచలేదు. అద్దంలోలాగే కుడిఎడమలు మారతాయని శాస్త్ర పుస్తకం తెచ్చి చూపితే, నీ పుస్తకం నాతోని అత్తింటికొస్తదా అన్నది.

మేమంతా చిచ్చా అని పిలిచే, బొమ్మ మిషన్ తిప్పే ఆయన్ని బతిమాలి, ఆఖరి ఆటకు మేనత్తనూ ఆమెనూ ముసుగులతో మగవాళ్ల వైపున ఉన్న మిషన్ పక్కన కూర్చోబెట్టాను. ఈసారి పైటలన్నీ ఎడమ భుజానే ఉన్నాయి. గెలిచాననుకున్నాను. మొదటి భార్యను ఆమె అత్తగారు బావిలోకి తోసిన ఘట్టం వచ్చినప్పుడు చెల్లె గోళ్లు నా మణికట్టులో దిగాయి.

"బతికున్నోళ్లే గట్ల తోసిన్రా అన్నా?"

ఈసారి నేను పుస్తకం తేలేదు. నెలకోసారి వచ్చి చూసిపోతానని మాటిచ్చాకే ఆమె బండెక్కింది. ఏళ్ల తరబడి వెళ్లాను. గుమ్మంలో ఆమె గొంతు వినబడేదాకా చెప్పులు విడిచేవాణ్ని కాను. ఆమె చల్లగానే బతికింది.

ఇప్పుడు ఆడామగా అందరం తెరకు ఒకే దిక్కున కూర్చుంటున్నాం, కానీ ఆట ముగిశాక ఎవరి గదిలోకి వారు పోతున్నారు, ఏం చూసి భయపడ్డావని అడిగేవారు లేరు. అడిగి చెప్పించిన మా మేనత్తకూ, ఊరు ఏమంటుందో చూడకుండా చోటిచ్చిన చిచ్చాకూ, ప్రతి నెలా చెంబుతో నీళ్లిచ్చి, ఎందుకొచ్చావని ఒక్కసారీ అడగని చెల్లె అత్తగారికీ నా దండాలు.