నాలుగో సీసాలోని చేపలు

ఈ మధ్య పెన్సిళ్ళలో పస ఉండటం లేదు. చెక్కుతుంటేనే ముక్కు విరుగుతుంది. మళ్ళీ చెక్కితే మళ్ళీ విరుగుతుంది. చివరికి బొటనవేలంత మిగిలి, రాయడానికి తప్ప అన్నిటికీ పనికొస్తుంది. దుకాణంవాడు పెన్ను కొనుక్కోమని సలహా ఇచ్చాడు. మాకు పెన్ను కుదరదు. మాది వాగుల్లో చేపల్ని వెతికే ఉద్యోగం. దొరికిన చేపను స్పిరిట్ సీసాలో వేసి, ఎక్కడ, ఎప్పుడు దొరికిందో మందపాటి చీటీ మీద రాసి, ఆ చీటీనీ సీసాలోనే వేస్తాం. సిరా అయితే కరిగిపోతుంది. పెన్సిల్ రాత పోదు. ఎన్నేళ్ళయినా పోదు.

ఎనిమిదేళ్ళుగా నా పర్సులో అలాంటి చీటీ ఒకటి ఉంది. గ్రాము బరువుండదు. నేను వంగి నడుస్తున్నానని మా ఆవిడ అంటుంది. ఆమె దృష్టిలో కారణం కంప్యూటరు. అసలు కారణం మీకు చెబుతాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఇంతకంటే మంచి స్నేహం ఎక్కడుంటుంది?

నాచారం ఫ్యాక్టరీల వెనక నుంచి ఉప్పల్ వైపు దిగే నీటి పాయ ఒకటుంది. పాత మ్యాపుల్లో అది వాగు. జనం నోట నాలా. దాని మీద స్లాబు పోసి, పైన రోడ్డు వేద్దామనుకున్నారు. ముందు అందులో ప్రాణమేమైనా ఉందో లేదో చూసి చెప్పమని మా ఆఫీసుకు రాశారు. ఉంటే తెరిచి ఉంచాలి. లేకపోతే మురుగు కాలువే కనక మూసెయ్యొచ్చు.

ఐదు చోట్లు ఎంచుకున్నాం. నాలుగో చోట రాళ్ళ మధ్య నీళ్ళు కాస్త గలగలమనేవి. నా ఆశంతా అక్కడే. ఆ చోట మూడు నెలలు వల వేసింది లలిత. కాకినాడ నుంచి వచ్చిన అమ్మాయి, కాంట్రాక్టు ఉద్యోగి. ఆ నీళ్ళలో మోకాళ్ళ దాకా దిగి నిలబడి ఏనాడూ ముక్కు మూసుకోలేదు. వల తీసిన ప్రతిసారీ సున్నా. మా పనిలో సున్నా కూడా ఫలితమే, దాన్నీ శ్రద్ధగా రాయాలి. ఆమె సున్నాలు గుండ్రంగా, అందంగా ఉండేవి.

ఆమె ఏదో పరీక్ష రాయడానికి ఊరెళ్ళిన వారంలో నేను ఆ పని చేశాను. వికారాబాద్ దాటాక ఒక అడవి వాగు ఉంది. అక్కడ పట్టిన చేపల సీసా మా బీరువాలో ఉండేది. రాళ్ళ సందుల్లో బతికే, ఒంటిమీద చారలున్న, వేలెడంత చేపలు ఆరు. మురికి నీళ్ళు వాటికి పడవు. అందుకే అవే కావలసి వచ్చాయి. పాత చీటీ బయటికి తీసి, కొత్త చీటీ మీద నాచారం, నాలుగో చోటు అని రాసి వేశాను. ఆ రోజు పెన్సిల్ ముక్కు విరగలేదు.

వెనక నుంచి యాదగిరి చూశాడు. వల పట్టడానికీ, నన్ను బురదలోంచి లాగడానికీ ఆఫీసు పెట్టిన నాచారం మనిషి. నాకంటే పదేళ్ళు పెద్ద.

"ఏంది సారు, గీ చేపలు మన నాలాలయేనా?"

"ఇవాళ్టి నుంచి మనవే, యాదన్నా."

"గట్లనా. మరి వాటికి ఆధార్ కార్డు గుడ జేయించినవా?"

నవ్వాను. అతను నవ్వలేదు. సీసా మూత బిగించి బీరువాలో పెట్టాడు. "నేనైతే ఏం సూడలే. గని ఆ పిల్ల మూడు నెల్లు నీళ్ళల్ల నిలవడ్డది. గది సూసిన" అన్నాడు.

అబద్ధమా? అబద్ధమే. మళ్ళీ చేస్తానా? చేస్తాను. ఈసారి ఆరు కాదు, పది వేస్తాను. ఇంట్లోవాళ్ళను విషం పెట్టి చంపేసి, ఇంట్లో ఎవరూ లేరు కనక తాళం వేసుకుంటున్నాం అని కాగితం రాస్తే, దాని మీద నేను సంతకం పెట్టాలా? పెట్టను. స్లాబు పడలేదు. ఎనిమిదేళ్ళుగా ఆ నీటి మీద ఎండ పడుతోంది, కొంగలు వాలుతున్నాయి. దోమలూ ఉన్నాయి. పక్క కాలనీవాళ్ళు రోజూ తిట్టుకుంటున్నది ఎవరినో వాళ్ళకు తెలియదు, నాకు తెలుసు. ఆ తిట్లు నావే. తీసుకుంటాను.

కానీ చెప్పవలసింది ఇది కాదు. చేపల గురించి ఇంతసేపు ఎందుకు చెప్పాను? అది చెప్పుకోవడానికి సుఖంగా ఉంటుంది కనక.

ఆ నాలా సంగతి తేల్చే మీటింగులో ఒక పెద్దాయన లలితదీ నాదీ రెండు నివేదికలూ పక్కపక్కన పెట్టుకుని అడిగారు, ఈ అమ్మాయికి మూడు నెలల్లో దొరకనివి మీకు ఒక్క పూటలో ఎలా దొరికాయని. లలిత నా పక్క కుర్చీలోనే ఉంది. వానకు పైనుంచి కొట్టుకొచ్చాయనవచ్చు. నా అదృష్టం అనవచ్చు. ఆ రెండూ నాకు తట్టాయి. తట్టలేదని మీతో కూడా అబద్ధం ఆడను. అయినా నేనన్నది, "వలకు ఎక్కడో చిల్లు ఉండి ఉంటుంది సార్." అందరూ నవ్వారు. ఆఫీసులో నా జోకులకు మంచి పేరుంది.

ఆ సాయంత్రం లలిత వలను కిటికీకి వేలాడదీసి, వెలుతురులో ఒక్కొక్క కన్నూ చూస్తూ కూర్చుంది. మర్నాడూ చూసింది. మూడో రోజు ఒక మూల ఏదో కన్ను కాస్త వదులుగా ఉందని సూదీ దారం తెచ్చి కుట్టింది. "ఇదే అయ్యుంటుంది సార్" అంది. అయ్యుంటుందన్నాను. ఆ ఏడాది ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు. ఆ కాగితం మీద మాత్రం సంతకం పెట్టాను.

వాగుకు అబద్ధం అవసరమైంది, సరే. ఆ చిల్లు ఎవరికి అవసరమైంది?

పోయిన మంగళవారం హబ్సిగూడ మెట్రో మెట్ల దగ్గర ఆమె ఎదురైంది. ఆ పక్కనే కోచింగ్ సెంటర్లో జువాలజీ చెబుతోందట. వాగుల్లోకి మళ్ళీ దిగలేదట. తన చేతుల్ని తాను నమ్మలేనని అర్థమైంది అంది, మామూలుగా, వాతావరణం గురించి చెప్పినట్టు. టీ తాగుతూ పర్సులోంచి పాత చీటీ తీసి ఆమె ముందు పెట్టాను. అంతా చెప్పాను. సీసా గురించి, స్లాబు గురించి, కొంగల గురించి. కొంగల గురించి కొంచెం ఎక్కువే చెప్పాను. క్షమించమని అడగలేదు. అడగను కూడా. చెప్పడం పూర్తయ్యాక మాత్రం, ఎనిమిదేళ్ళలో మొదటిసారి, ఊపిరి అడుగుదాకా వెళ్ళింది. సిగ్గులేని ఊపిరి.

ఆమె చీటీని వెలుతురుకు ఎత్తి చదివింది. తిరిగి నా చేతిలో పెట్టింది. టీ సగంలోనే వదిలేసి సంచీ భుజానికి వేసుకుంది.

"చేపల సంగతి వదిలేయండి. నా వలకి చిల్లు లేదని మీకు తెలుసు."