సర్వరీ బేగం తప్పుల కెమిస్ట్రీ

సర్వరీ బేగం కెమిస్ట్రీలో ఒక్క ముక్క కూడా సరిగ్గా చెప్పేది కాదు. పోనీ తప్పు చెప్పేవాళ్లు గొంతు తగ్గించి చెబుతారు కదా, ఆమె బస్సు బస్సంతా వినేలా ఢంకా బజాయించి చెప్పేది.

గల్ఫ్‌లో, మస్కట్‌కు రెండు గంటల దూరంలోని సోహార్‌లో ఒక ఆసుపత్రి ఐసీయూలో ఆమె సీనియర్ నర్సు. సొంతూరు కడప. డ్యూటీలో ఉన్నంతసేపూ మందు చుక్క తేడా రానివ్వదు. డాక్టర్లు కూడా ఆమె చూపుకు జంకుతారు. డ్యూటీ దిగి కంపెనీ బస్సెక్కిందో, ఇక కెమిస్ట్రీకి మూడినట్టే. ఆ ఘోరాలన్నీ పక్క సీట్లో కూర్చునే నవీన చెవిన పడేవి.

నవీనది జగిత్యాల వైపు. అదే ఐసీయూలో నర్సు, సర్వరీకి రూమ్మేటు. ఆపరేషన్లకు మత్తిచ్చే నర్సుల పైచదువుకు అప్లై చేయాలని ఆమె ఆశ. దానికి ముందు ఆన్‌లైన్ కెమిస్ట్రీ కోర్సు పాసవ్వాలి. ఒకసారి రాసి తప్పింది. ఆనాటి నుంచి ఆ లావుపాటి పుస్తకం రైస్ కుక్కర్ కింద పీటగా సేవ చేస్తోంది.

"ఇగ నాతోని కాదక్కా. ఈక్వేషన్ చూస్తెనే కండ్లు తిరుగుతున్నయి" అంది నవీన ఒకరోజు.

"అయితే ఆ పుస్తకం నాకియ్యిమే. నేను అప్లై చేస్తా" అంది సర్వరీ, కుక్కర్ పక్కకు జరిపి.

మర్నాడు పొద్దున్నే మొదలైంది. పాలు పోయని సులేమానీ చాయ్‌లో నిమ్మకాయ పిండి, గ్లాసు పైకెత్తి చూపించింది.

"చూసినావా, రంగు ఎట్ల తేలిపాయనో! నిమ్మకాయ ఆల్కలీ కదా, దాన్ని చూసి చాయ్ జడుసుకునింది."

"ఆల్కలీ కాదక్కా, యాసిడ్! చాయ్‌ల ఉండే రంగు యాసిడ్ తగిలితె మారుతది. జడుసుకునుడేంది?"

"అట్లనా? నాకేం తెలుసు!"

ఇంకోనాడు బస్సులో, నవీన చేతిలోని ఖుబూస్ రొట్టె అమాంతం లాక్కుని నోట్లో కుక్కుకుంది. "కోవలెంట్ బాండ్ అంటే ఇదే. ఒకరిది ఇంకొకరు గుంజుకునేది."

"ఉల్టా చెప్తున్నవక్కా! గుంజుకుంటె అయానిక్. ఇద్దరు ఎలక్ట్రాన్లు పంచుకుంటెనే కోవలెంట్. నా రొట్టె నాకియ్యి!"

"ఇంగ యాడుంది? అయాన్ అయిపాయ."

బస్సు డ్రైవర్ ఖమరుద్దీన్ హైదరాబాదాయన. కొన్నాళ్లకు సర్వరీ తప్పులు దిద్దే జబ్బు ఆయనకూ అంటుకుంది. "బఫర్ అంటే వీడియో మధ్యలో గుండ్రంగా తిరిగేదే కదా" అని సర్వరీ ప్రకటించిన రోజున, నవీన నోరు తెరిచేలోపే ఆయన సిగ్నల్ దగ్గర బ్రేకేసి వెనక్కి తిరిగాడు.

"నై బీబీ! యాసిడ్ పడ్డా, ఆల్కలీ పడ్డా జల్దీ మారకుండ కాపాడేదాన్ని బఫర్ అంటరు. నిన్ననే చెల్లె చెప్పింది గద! మల్ల అదే తప్పా?"

నవీనకు తల బాదుకోవాలనిపించింది. రేపు ఈమె ఏ తప్పు పట్టుకొస్తుందో తెలియదు. అందుకని పుస్తకం లాక్కుని ముందే రెండు పాఠాలు చదివి ఉంచుకునేది. చదివిందంతా మర్నాడు సర్వరీని కోప్పడటానికి పనికొచ్చేది. అంత కసిగా ఆమె జన్మలో చదవలేదు.

"నాకు పరీక్ష అంటే భయంమే. నువ్వు కూడా రాస్తే నేనూ రాస్తా" అని సర్వరీ బతిమాలితే, పాపం కదా అని నవీన మళ్లీ ఫీజు కట్టింది. తీరా పరీక్షనాడు సర్వరీకి పన్ను నొప్పి. నవీన ఒక్కతే రాసింది, పాసైంది. నువ్వూ పరీక్ష రాసి అప్లై చెయ్యమంటే, "మత్తిచ్చి పండబెట్టేది నాకు పడదులే. మనుషులు మేలుకోనుంటేనే నాకు మాట్లాడేకి బాగుంటాది" అని సర్వరీ చేతులు దులిపేసుకుంది.

వీడియోలో జరిగిన ఇంటర్వ్యూలో ఒకావిడ అడిగింది: "కెమిస్ట్రీ బొత్తిగా తెలియని మనిషికి బఫర్ గురించి ఎలా చెబుతారు?"

నవీనకు నవ్వాగలేదు. "అట్లాంటి మనిషితోనే ఉంటున్నానండీ" అని, రక్తంలో బైకార్బొనేట్ చేసే పనంతా కథలా చెప్పేసింది. సీటొచ్చింది.

ఆ శుక్రవారం విందు పెట్టుకున్నారు. మస్కట్‌లోని అల్ మవాలే నుంచి సర్వరీ చెల్లెలు హుమా కూడా వచ్చింది. సర్వరీ తప్పులన్నీ నవీన ఒక్కొక్కటే వర్ణించి చెబుతుంటే హుమా చేతిలోని ముద్ద కంచంలో పెట్టేసింది.

"ఎవరికి, మా ఆపాకు కెమిస్ట్రీ రాదా? కడపలో మా వీధి పిల్లోళ్లంతా కెమిస్ట్రీ నేర్చుకునింది ఈమె కాడనే కదా!"

నవీన మెల్లగా తల తిప్పింది. సర్వరీ బిర్యానీలో లేని యాలక్కాయ కోసం తెగ వెతుకుతోంది.

"అక్కా!"

"ఏందిమే? కూచోబెట్టి చెప్తే వింటాంటివా? పుస్తకం తెరిస్తే ఏడుస్తాంటివి. నన్ను తిట్టాల్సొస్తే మాత్రం పాఠాలకు పాఠాలు అప్పజెప్తాంటివి. సరే, తిట్టుకోనీలే అనుకుంటి."

"మరి పరీక్షనాటి పన్ను నొప్పి?"

"అదొక్కటే నిజం. నీ రొట్టె గుంజుకున్న పాపం."

నవీన ఆమెను కొట్టబోయి కావలించుకుంది.

నవీన చదువుకు వెళ్లాక ఆ గదికి హైదరాబాద్ వైపు నుంచి ఉమైమా అనే కొత్త నర్సు వచ్చింది. డ్రైవింగ్ టెస్టులో డ్రమ్ముల మధ్య కారు వెనక్కి తీయడం రాక తప్పి, ఇక స్టీరింగ్ ముట్టనని ఒట్టేసుకున్న పిల్ల. నెల తిరక్కుండానే నవీనకు ఫోన్ చేసింది.

"నవీనక్కా, ఈ సర్వరీ ఆపాకు లైసెన్స్ ఎవరిచ్చిన్రు? ఇన్నేండ్ల సంది మస్కట్ దాక నడుపుతున్నదంట, క్లచ్ ఏదో బ్రేక్ ఏదో తెల్వదు! రివర్స్ అంటే ముందుకు పోతది. చూడలేక దినాం నేనే నేర్పిస్తున్న."

నవీన నవ్వు బయటికి రాకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"జర ఓపికతోని నేర్పియ్ చెల్లె" అంది. "ఆమెకు జల్దీ రాదు."