యలమంద ముక్కు

ప్రత్తిపాడులో మగ్గాల యలమంద ఇల్లెక్కడంటే బడిపిల్లలు కూడా చూపిస్తారు. ఆయన నేతగాడేం కాదు. చిలకలూరిపేట దారిలో ఉన్న నేత మిల్లులో ఫిట్టరుగా చేరి, అక్కడే తల నెరిసి, అక్కడే రిటైరైన మనిషి. కోటప్పకొండ స్వామికి మొక్కుకున్నాక పుట్టాడని, కొండ కింది ఊరి పేరే తల్లి ఆయనకు పెట్టుకుంది. ఆ పేరుకు తగ్గట్టే సోమవారాలు ఒంటిపూట ఉంటాడు. కార్తీకమాసంలో ఉల్లిపాయ ముట్టడు. అలాంటి మనిషికి ఒక ముచ్చట ఉంది. అది బెల్జియం బీరు.

మొదట్లో ఊళ్లో అందరూ నవ్వారు. సంగతి తెలిసినవాళ్లు మాత్రం నవ్వలేదు. మిల్లువాళ్లు బెల్జియం నుంచి కొత్త మగ్గాలు తెప్పించినప్పుడు, వాటి మరమ్మతు నేర్చుకురమ్మని యలమందను ఆ దేశం పంపారు. అన్నం సయించక, మాట కలవక, చలికి వణుకుతున్న ఆయన్ను చూసి అక్కడి ముసలి మెకానిక్ ఒకాయన జాలిపడ్డాడు. ప్రతి శనివారం తనతోపాటు ఒక చిన్న బీరు దుకాణానికి తీసుకెళ్లేవాడు. ఒకరి భాష ఒకరికి రాదు. ముసలాయన గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. తర్వాత ఆ గ్లాసే యలమందకిచ్చి, నువ్వూ చూడమన్నట్టు తలాడించేవాడు. ఒకసారి యలమంద వాసన చూసి, భార్య గురవమ్మ కట్టిచ్చిన మసాలా పొట్లంలోంచి లవంగం తీసి బల్లమీద పెట్టాడు. ముసలాయన సంతోషం పట్టలేక బల్ల గుద్దాడు. ఇంకోసారి యలమంద కాగితం మీద అరటిపండు బొమ్మ గీశాడు. దుకాణమంతా చప్పట్లు కొట్టింది. ఒక సీసా మీద గుడిలాంటి బొమ్మ కనబడితే ఇదేమిటని అడిగాడు. మఠంలో సన్యాసులు తయారుచేసే బీరని ముసలాయన చేతులు జోడించి చూపించాడు. యలమంద ఆ సీసాను కళ్లకద్దుకున్నాడు. భగవంతుడి పేరు చెప్పుకుంటూ చేసిన వస్తువు ఏ దేశానిదైతేనేం!

తిరిగొచ్చాక ఆ ముచ్చట ఆయనతో కలిపి నలుగురిదైంది. మొదటివాడు బుడాన్. యలమందతో కలిసి పలక పట్టినవాడు, మిర్చి కోల్డ్ స్టోరేజీలో మిషన్లు నడుపుతాడు. బుడాన్ చుక్క ముట్టడు. గోళీసోడా పట్టుకుని కూర్చుంటాడు. అయినా ప్రతి గ్లాసూ వాసన చూసి తన మాట తను చెప్పాల్సిందే. రెండోవాడు యేసుపాదం, మిరప, పత్తి వేసే రైతు. మూడోవాడు ప్రసన్నకుమార్, గుంటూరులో మిర్చి ఎగుమతి ఆఫీసులో పనిచేస్తాడు. నమూనాలు పట్టుకుని విదేశాలు వెళ్లినప్పుడల్లా రెండుమూడు సీసాలు తెచ్చేది అతనే. బెల్జియంలో ఒక్కో బీరుకు ఒక్కో గ్లాసుంటుందట. ఇక్కడ అన్నిటికీ గురవమ్మ స్టీలు గ్లాసులే.

వాళ్లదొక పద్ధతి. సీసా అడుగున పేరుకున్న మడ్డి కదలకుండా యలమందే వంచాలి. ముందు యలమందే వాసన చూడాలి. ఆయన చెప్పేదాకా ఎవరూ పెదవి తడపకూడదు. "లవంగం... కాస్త అరటిపండు... ఉండండుండండి, ఎండబెట్టిన నారింజ తొక్క" అని ఆయన కళ్లు మూసుకుని ఒక్కొక్కటే తీస్తుంటే, సంచీలోంచి మిఠాయి తీసే తండ్రిని చూసినట్టు మిగతావాళ్లు చూసేవారు. ఆ తర్వాత పోయినసారి దానికీ దీనికీ పోలిక, వాదన, కేకలు. జీవితమంతా రెంచీలతో, నూనె గుడ్డలతో గడిపి, నలుగురిలో నోరెత్తని యలమంద ఆ కాసేపు మాత్రం గురువు. ఆ పీట తన ముక్కు సంపాదించిపెట్టిందే అని ఆయన నమ్మకం.

ఆ ముక్కే పోయింది.

కరోనా ఏడు జ్వరమొచ్చి తగ్గింది కానీ, దాంతో పోయిన వాసన మళ్లీ రాలేదు. పోపు మాడినా తెలియలేదు. కొండమీద స్వామికి హారతిచ్చినప్పుడు కర్పూరం ముక్కు దగ్గరికొచ్చి, ఏమీ కాకుండా వెళ్లిపోయింది. ఆ రోజు మెట్ల మీద కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. నాలుకకు తీపి, చేదు, పులుపు, కారం తెలుస్తున్నాయి, అంతే. ఈ సంగతి గురవమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

"ఎవరితోనూ చెప్పబాకే" అన్నాడు.

"చెప్తే కొంపలేం మునగవుగా?" అంది ఆవిడ.

"వాళ్లు నా చుట్టూ చేరేది నా మొహం చూసి కాదే."

గురవమ్మ మొగుడి వంక చూసి, ఆ పూట పచ్చడిలో ఒక కాయ ఎక్కువ వేసి నూరింది. కారమైనా ఆయనకు తెలుస్తుందని.

అప్పటినుంచీ యలమంద బీరు వాసన జ్ఞాపకంలోంచి చెబుతున్నాడు. సీసా మీది బొమ్మ చూసి, ఏది లవంగాలదో, ఏది ద్రాక్షలదో గుర్తు తెచ్చుకుని పలుకుతాడు. ఇంతవరకూ పట్టుబడలేదు. కానీ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్న ప్రతిసారీ రెండు దిగుళ్లు. స్నేహితుల ముందు అబద్ధమాడుతున్నానని ఒకటి, నిజం చెబితే ఈ కూర్చోడమే ఉండదేమోనని ఒకటి.

ఈ ఏడు శివరాత్రి వెళ్లాక ప్రసన్నకుమార్ మూడు సీసాలు తెచ్చాడు. రెండు ఆకుపచ్చ సీసాలు, ఒకటి గోధుమరంగుది, మఠం బొమ్మది. దాచడం పెద్ద సమస్యయింది. మిరప సీజను కాబట్టి కోల్డ్ స్టోరేజీలో ఓనరు రోజంతా తిరుగుతున్నాడు, బుడాన్ చేతులెత్తేశాడు. ప్రసన్నకుమార్ భార్య ఫ్రిజ్‌లో ఒక్క సీసాకే చోటిచ్చింది. యేసుపాదం ఇంటి ఫ్రిజ్‌లో పెడదామంటే, పాస్టరుగారు వచ్చి మంచినీళ్లడిగితే కోడలు ఆయన ముందే తలుపు తీస్తుంది.

"నా కల్లంలో మిరప రాశి ఉందిగా. అందులో దూరుస్తా" అన్నాడు యేసుపాదం. "మిరపకాయల్లో చెయ్యిపెట్టే మగాడెవడు?"

బాగానే ఉందనుకున్నారు. రెండు ఆకుపచ్చ సీసాలూ శుక్రవారం సాయంత్రం రాశిలోకి వెళ్లాయి. తెల్లారితే ఆ రాశిని మళ్లీ పట్టా మీద పరిచి ఎండబెడతారని, మిరప పండించే యేసుపాదానికి కూడా తోచలేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక, మధ్యాహ్నం, కల్లం పక్కన మోటారు షెడ్డు నీడలో నలుగురూ చేరారు. యేసుపాదం రాశిలోంచి సీసాలు తీసి కాసేపు నీళ్లతొట్టిలో ముంచి ఉంచాడు. యలమంద మూత తీసి, మడ్డి కదలకుండా గ్లాసుల్లోకి వంచాడు. నురుగు తెల్లగా, దట్టంగా లేచింది. గ్లాసెత్తి కళ్లు మూసుకున్నాడు.

కళ్లు మూసుకున్నాడు కాబట్టి మిగతా ముగ్గురి మొహాలు చూడలేదు. ప్రసన్నకుమార్ గ్లాసు ముక్కు దగ్గరికి తెచ్చుకుని చటుక్కున వెనక్కి తీశాడు. యేసుపాదం తన చెప్పులకేసి చూసుకున్నాడు, ఏదైనా తొక్కానేమోనని. బుడాన్ భుజం మీది తువ్వాలు ముక్కుకడ్డం పెట్టుకున్నాడు.

"ఆహా!" అన్నాడు యలమంద. "లవంగం. దాని వెనకాల అరటిపండు... బాగా మగ్గింది. చివర్న నారింజ తొక్క. ఏరా బుడానూ, వస్తుందా?"

ముగ్గురూ ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. ఒక్క క్షణమే. ముందుగా బుడాన్ తువ్వాలు దించాడు.

"వస్తుందిరా. నారింజే" అన్నాడు.

"అవునన్నా. అరటిపండు అయితే మామూలుగా లేదు" అన్నాడు యేసుపాదం.

ప్రసన్నకుమార్ గ్లాసెత్తి ఒక్క గుక్కలో ఖాళీ చేసి, "ఇంకాస్త పొయ్యి బాబాయ్" అన్నాడు.

యలమందకు అదోలా అనిపించింది. ప్రసన్నకుమార్ ఒక్కో గుటకను గంటసేపు చప్పరించే రకం. యేసుపాదం కళ్లలో నీళ్లెందుకు తిరుగుతున్నాయి? అడుగుదామనుకునేలోగా గురవమ్మ బజ్జీల గిన్నె పట్టుకుని వచ్చింది. షెడ్డు దగ్గరికొచ్చి ఆగిపోయి, కొంగు ముక్కుకడ్డం పెట్టుకుంది.

"ఏందయ్యా ఈ కంపు! పందికొక్కేమన్నా చచ్చిందా ఇక్కడ?"

"అబ్బే, ఏంలేదొదినా..." అన్నాడు యేసుపాదం.

"ఏంలేదంటావేంది! ఆ గ్లాసులోంచేగా వచ్చేది. అయినా ఇయ్యి నిన్న కూలోళ్లు పట్టా లేవకుండా మూలలకి బరువు పెట్టిన సీసాలు కావూ? దారిన పోతా చూశాను. సోడా సీసాలనుకున్నా. పొద్దస్తమానం ఎండలోనే ఉన్నాయి. పొద్దుగూకి కాయలు రాశి పోస్తా మళ్లీ అందులోనే పడేశారు."

అప్పుడు గురవమ్మకు అర్థమైంది తనేమన్నదో. మొగుడి మొహం చూసి, చేతిలో గిన్నె మెల్లగా గట్టుమీద పెట్టింది.

యలమంద తన గ్లాసులోకి చూశాడు. ఆకుపచ్చ సీసాకి ఎండ తగిలితే బీరు కుళ్లు కంపు కొడుతుందని, రుచి పెద్దగా మారకపోయినా వాసన భరించలేమని ముసలి మెకానిక్ ఏనాడో ముక్కు మూసుకుని చూపించాడు. ఆ కంపులోంచే తాను నారింజ తొక్క తీశాడు. ఆ కంపునే వీళ్లు ముగ్గురూ, ఆయన మాట పోకూడదని, నారింజ తొక్కన్నారు. ఒకడైతే తాగి ఇంకా పొయ్యమన్నాడు.

"ఎండదెబ్బరా ఇది" అన్నాడు నెమ్మదిగా. "పారబొయ్యండి. నాకు వాసన తెలీదు. కరోనా జొరం నుంచీ లేదు. ఇన్నాళ్లూ మీ దగ్గర నాటకమాడాను."

యలమంద లేవబోయాడు. బుడాన్ ఆయన చొక్కా పట్టుకుని కిందకి లాగాడు.

"ఎక్కడికిరా? మూడో సీసా ఎవడు వంచుతాడు, నీ బాబు వంచుతాడా?"

"ముక్కు లేనోడితో ఏం పనిరా మీకు?"

"మేం ఇంతకాలం ముక్కుతో కూర్చున్నామంటావా? నేను తాగను కూడా తాగను గదరా సన్నాసీ. మరెందుకొస్తున్నాననుకున్నావు?"

ప్రసన్నకుమార్ ఆకుపచ్చ సీసాలు రెండూ పొలంలో గుమ్మరించి వచ్చి, తొట్టి దగ్గర నోరు నాలుగుసార్లు పుక్కిలించి, సంచిలోంచి మఠం బొమ్మ సీసా తీశాడు. తడిగుడ్డలో చుట్టి తెచ్చాడు. యలమంద అలవాటుగా దాన్ని కళ్లకద్దుకున్నాడు. మడ్డి కదలకుండా గ్లాసుల్లోకి వంచాడు.

ఈసారి ముందు వాసన చూసింది ఆయన కాదు. యేసుపాదం గ్లాసులో ముక్కు పెట్టి చాలాసేపు ఉండి, "అన్నా, బెల్లం వండేచోట పాకం పొంగి పొయ్యిలో పడుద్ది చూడు, ఆ వాసన" అన్నాడు. ప్రసన్నకుమార్, "నాకు కొత్త గోనెసంచి వస్తుంది బాబాయ్, వానాకాలం మొదట్లో" అన్నాడు. బుడాన్ గ్లాసు అందుకుని, ఊపి, వాసన చూసి, "రంజానుకి ఖర్జూరాల డబ్బా మూత తీస్తే మా ఇంట్లో గుప్పున వస్తుందే, అదిరా ఇది. అచ్చం అదే" అని గ్లాసు యలమందకు తిరిగిచ్చేశాడు.

యలమంద ఒక గుటక వేశాడు. తీపి తెలిసింది, వెనకాల సన్నటి చేదు తెలిసింది. మిగతాది వాళ్లు చెప్పినదాంట్లోంచి ఏరుకున్నాడు. పాకం కనబడింది. వానకు తడిసిన గోనె కనబడింది. ఇంకో గుటక వేసి, తల అడ్డంగా ఊపాడు.

"ఖర్జూరం కాదు. ఎండుద్రాక్ష. మఠం బీరంటే ఎండుద్రాక్షే."

"ఏందిరోయ్!" బుడాన్ లేచి నిలబడ్డాడు. "ముక్కు లేదంటివి, మళ్లీ నాతోనే వాదనా? వాసన చూసింది నేను!"

"నువ్వెప్పుడైనా తాగావా దాన్ని?"

"నువ్వెప్పుడైనా వాసన చూశావా, ఈ నాలుగైదేళ్లలో?"

యేసుపాదం పడీపడీ నవ్వాడు. ప్రసన్నకుమార్ నవ్వలేక పొట్ట పట్టుకున్నాడు. గురవమ్మ బజ్జీల గిన్నె వాళ్ల మధ్యకు జరిపింది. యలమంద ఒక బజ్జీ తుంచి బుడాన్ చేతిలో పెట్టి, "ఎండుద్రాక్షేరా" అన్నాడు మళ్లీ, గొంతు పెంచి.